వీధి పేరులోని మనిషిని వెతికేటప్పుడు

అమ్మలూ,

మీ కాలనీ సంఘం సంచికకి వీధుల పేర్ల చరిత్ర రాసే బాధ్యత నువ్వు తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఇది వాయిదా వేసే పని కాదు. పాత కాగితాలు చెదలు పడుతున్నాయి, చెప్పగలిగిన పెద్దవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. అందుకే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ పొరబడతామో వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకో. ప్రతి వీధి పేరులో ఇద్దరుంటారు: ఎవరి పేరు పెట్టారో ఆ మనిషి, పెట్టిన మనిషి. అందరూ మొదటి మనిషి గురించే అడుగుతారు. కానీ రెండో మనిషి దొరికితేనే మొదటి మనిషి రూఢి అవుతాడు. ఈ ఇద్దర్నీ కలిపేది తేదీ. ఆ పేరు మొదటిసారి ఏ కాగితం మీద, ఏ సంవత్సరంలో కనబడిందో తేలకుండా "ఫలానా నవాబుగారి పేరు" అని రాయకు.

మొదట పేరుకున్న రూపాలన్నీ సేకరించు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు బోర్డులు, పాత కరెంటు బిల్లులు, శుభలేఖలు, బడిలో అడ్మిషన్ రిజిస్టరు, బస్సు బోర్డు, పోస్టాఫీసు, పోలీసు స్టేషను, రైల్వే స్టేషను, ఏవీ వదలకు. రోడ్డు పేరు మార్చినా వీటి పేర్లు చాలాసార్లు మారవు. సికింద్రాబాదులో జేమ్స్ స్ట్రీట్ ఎప్పుడో మహాత్మాగాంధీ రోడ్డు అయింది, రైల్వే స్టేషను మాత్రం ఇంకా జేమ్స్ స్ట్రీటే. కింగ్స్‌వే రాష్ట్రపతి రోడ్డు అయింది. విజయవాడలో బందరు రోడ్డుకి కాగితం మీద మహాత్మాగాంధీ పేరు, ఏలూరు రోడ్డుకి కార్ల్ మార్క్స్ పేరు ఉన్నా, ఆటోవాళ్లకి చెప్పేవి పాత పేర్లే. ఇలాంటి చోట రెండు పేర్లకీ రెండు వేర్వేరు చరిత్రలుంటాయి, విడివిడిగా రాయాలి.

ఉర్దూ బోర్డు కనిపిస్తే తప్పకుండా ఫోటో తీసుకో. తెలుగు లిపిలో కలిసిపోయే అక్షరాలు అక్కడ విడిగా ఉంటాయి. సనత్‌నగర్‌ని సనత్కుమారుడి పేరనుకునేవాళ్లున్నారు. ఉర్దూలో దాన్ని సాద్, నూన్, ఐన్, తే అక్షరాలతో రాస్తారు. అంటే పరిశ్రమ. అది పరిశ్రమల కోసం ఏర్పడిన పేట, మనిషి పేరే కాదు. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటది దీనికి తిరగబడ్డ సంగతి. రాతి ఇల్లు ఏదో ఉండేదని ఊహించి రాస్తారు కానీ, స్టోన్‌హౌస్ అన్నది ఒక ఇంగ్లీషు అధికారి ఇంటిపేరు. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట కూడా అలాంటివే. ఇంటిపేరు మాత్రమే మిగిలినప్పుడు ఆ ఇంటిపేరుగల అధికారి అక్కడ ఏ సంవత్సరాల్లో పనిచేశాడో పాత సివిల్ లిస్టుల్లో (ప్రభుత్వ అధికారుల జాబితాలు), జిల్లా మాన్యువళ్లలో వెతకాలి. ఆంధ్ర జిల్లాల విషయంలో చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్ (పాత ప్రభుత్వ కాగితాలు దాచే చోటు) దాకా వెళ్లవలసి రావచ్చు. అక్కడ గుంటూరు కాగితాలు వెతికేవాళ్లు మరో సంగతి గుర్తుంచుకోవాలి. 1859 నుంచి 1904 దాకా గుంటూరు జిల్లా విడిగా లేదు, కృష్ణా జిల్లాలో భాగం.

పొట్టి పేర్లతో మరీ జాగ్రత్త. మూడక్షరాలు కనబడగానే ఎవరో పెద్దమనిషి ఇనీషియల్స్ అనుకుంటాం. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మనిషి లేడు, అది మువ్వలవానిపాలెం అనే ఊరు. కేపీహెచ్‌బీ అంటే కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు. ఎస్సార్‌నగర్‌లో మాత్రం నీలం సంజీవరెడ్డి ఉన్నారు. చెన్నైలో పాండీ బజారుకి పాండిచ్చేరితో సంబంధం అంటగడతారు గానీ అది డబ్ల్యూ.పి.ఎ. సౌందరపాండ్యన్ నాడార్ పేరు, వాడుకలో అరిగిపోయి అలా మిగిలింది.

పేరు చివరి మాట కాలాన్ని కొంతవరకు పట్టిస్తుంది. గంజ్ అంటే ధాన్యం అంగడి. అఫ్జల్‌గంజ్ అయిదో నిజాము అఫ్జల్ ఉద్దౌలా పేరు, ఆయన ఏలింది 1857 నుంచి 1869 వరకు. బాగ్ అంటే తోట, దాంట్లో ఒక నవాబుగారి భవంతి ఉండి ఉంటుంది. గూడ ముందు చాలాసార్లు ఒక సమూహం పేరుంటుంది, వ్యక్తి పేరుండదు. గౌలిగూడలో గౌలీలు (పాలవాళ్లు), హబ్సిగూడలో హబ్షీలు (ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు). నగర్, కాలనీ అన్నవి మన దగ్గర ఎక్కువగా ఇరవయ్యో శతాబ్దపు లేఅవుట్లు. ఇది దారి చూపుతుందే గానీ తీర్పు చెప్పదు.

ఇక భూమి కాగితాలు. ఈ పనికి ప్రాణం ఇక్కడే ఉంది, దీనికి ఎక్కువ సమయం పెట్టు.

మీ వీధిలో పాత ఇల్లు ఒకటి చూసుకో. హైదరాబాదు ఇంటి నంబరులో మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. ఏటవాలు గీత (/) తర్వాత వచ్చే బై నంబర్లు తర్వాత విడగొట్టినవి. కాబట్టి బై నంబరు లేని ఇళ్లవాళ్లని ముందు కలువు. వాళ్ల అనుమతితో అమ్మకపు దస్తావేజు, దానితో ఉన్న లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజులు) చూడు. చివరి పేజీల్లోని షెడ్యూలు మీదే నీ దృష్టి ఉండాలి. సర్వే నంబరు, అసలు గ్రామం పేరు, లేఅవుట్ నంబరు, నాలుగు హద్దులు అక్కడుంటాయి. "ఉత్తరం: ముప్పై అడుగుల రోడ్డు" అని మాత్రమే ఉంటే ఆ రోజుకి వీధికి పేరు లేనట్టే. మరో పదేళ్ల తర్వాతి దస్తావేజులో అదే హద్దు దగ్గర పేరు కనబడితే, పేరు ఆ మధ్యలో పుట్టిందన్నమాట. ఒకే వీధిలో వేర్వేరు దశాబ్దాల దస్తావేజులు నాలుగైదు చూస్తే ఆ పుట్టుకని చాలా దగ్గరగా పట్టుకోవచ్చు. నాకు తెలిసి ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు.

దస్తావేజు దొరకకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లు. స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యేది 1వ పుస్తకంలో. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను ప్రకారం ఆ పుస్తకాన్నీ దాని సూచికలనీ రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. జిల్లా పేరు దగ్గర తికమక పడకు. రంగారెడ్డి జిల్లా 1978లో ఏర్పడింది (కొండా వెంకట రంగారెడ్డి పేరు), అంతకుముందు అదంతా హైదరాబాద్ జిల్లా. మేడ్చల్–మల్కాజిగిరి వచ్చింది 2016లో. మండలాలు 1985లో వచ్చాయి, అంతకుముందువన్నీ తాలూకాలు. ఒకే ప్లాటు మూడు జిల్లాల పేర్లతో కనబడుతుంది, అవి మూడు వేర్వేరు స్థలాలనుకోకు.

దానికంటే వెనక్కి వెళ్లాలంటే గ్రామ నక్షా (ఊరి పటం), సేత్వార్ (మొదటి భూమి సర్వే రిజిస్టరు), 1954–55 ఖాస్రా పహాణీ (సర్వే నంబర్లవారీ భూమి రికార్డు) చూడాలి. పట్టాదారు, అంటే భూమి యజమాని పేరు పహాణీలో ఉంటుంది. అది వీధి పేరుతో కలిస్తే నీ సగం పని అయినట్టే. చాలా నగర్‌లలో ఉన్నది ఏ మహనీయుడూ కాదు, భూమి అమ్మిన యజమానో, ఆయన తండ్రో. 1949లో జాగీర్లు రద్దయ్యాక నగరం చుట్టూ ఎస్టేట్లు ముక్కలై ప్లాట్లయ్యాయి, ఆ కుటుంబాల పేర్లు అలాగే నిలిచిపోయాయి. నగరం నడిబొడ్డు వీధులకైతే 1908 మూసీ వరదల తర్వాత లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో తయారైన మునిసిపల్ సర్వే పటాలున్నాయి. శివారు కాలనీలు వాటిలో ఉండవు, వాటికోసం రోజులు పోగొట్టుకోకు. రాష్ట్ర ఆర్కైవ్స్ తార్నాకలో ఉంది.

ఈ పాత కాగితాల్లో సంవత్సరాలు ఫసలీలోనో (రెవెన్యూ లెక్కల సంవత్సరం) హిజ్రీలోనో (ముస్లిం చాంద్రమాన సంవత్సరం) ఉంటాయి. ఫసలీకి 590 కలుపు. 1358 ఫసలీ అంటే 1948–49. హిజ్రీని 0.97తో గుణించి 622 కలిపితే దాదాపు సరిపోతుంది. హిజ్రీ 1300 అంటే 1882–83. ఈ రెండింటినీ ఒకదానికొకటి పొరబడితే లెక్క ఎనిమిది తొమ్మిది ఏళ్లు తప్పి, పుట్టని మనిషి పేరు వీధికి పెట్టినట్టవుతుంది.

ఖితాబుల (బిరుదుల) సంగతి ఓపికగా చదువు, హైదరాబాదు పేర్లలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. నిజాం దర్బారులో ఒక మనిషి పెరిగేకొద్దీ ఖాన్, ఖాన్ బహదూర్, జంగ్, దౌలా, ముల్క్, ఉమ్రా, జాహ్ అని ఖితాబులు పెరుగుతాయి. మీర్ తురాబ్ అలీ ఖాన్, మొదటి సాలార్‌జంగ్, షుజా ఉద్దౌలా, ముఖ్తార్ ఉల్ ముల్క్: నాలుగూ 1883లో చనిపోయిన ఆ ఒక్క దివానుగారివే (దివాను అంటే నిజాం ప్రధానమంత్రి). బషీర్‌బాగ్‌లోని బషీర్ ఉద్దౌలా, ఆస్మాన్‌గఢ్‌లోని ఆస్మాన్ జాహ్ ఒక్కరే, 1887లో దివాను అయినాయన. ముషీరాబాద్‌లోని ముషీర్ ఉల్ ముల్క్ అంటే అరస్తూ జాహ్. హిమాయత్‌నగర్‌లోని హిమాయత్ ఏడో నిజాము పెద్దకొడుకు అసలు పేరులోది, లోకానికి ఆయన ఆజం జాహ్. కాబట్టి ప్రతి మనిషికీ అసలు పేరు, ఖితాబులు, పుట్టిన, పోయిన ఏళ్లు ఒకే చోట రాసుకో. రెండోవైపు ఒకే పేరున్న ఇద్దరు మనుషులు కూడా ఉంటారు. ఖైరతాబాద్‌ని రెసిడెంట్ (నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధి) కర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నిసాకి కట్టబెట్టేవాళ్లున్నారు. ఆ ఊరి పేరు కుతుబ్‌షాహీల ఇంటి ఖైరున్నిసా బేగానిది. ఇద్దరి మధ్యా దాదాపు రెండు వందల ఏళ్లు ఉన్నాయి. ఆడవాళ్ల పేర్లు బిరుదుల వెనక దాగిపోవడం కూడా గమనించు. మాసాబ్ ట్యాంక్‌లో ఉన్నది మా సాహెబా, అంటే హయాత్ బక్షీ బేగం. హయత్‌నగర్ కూడా ఆమెదే.

వీధి పేర్లని ఒక్కొక్కటిగా కాకుండా గుంపుగా కూడా చదవాలి. దీనికి చెన్నై టీ నగర్ చక్కటి పాఠం. మాంబళం దగ్గర లాంగ్ ట్యాంక్ అనే పెద్ద చెరువుని ఎండగట్టి 1920లలో ఆ శివారు వేశారు. దానికి పెట్టిన పేరు తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో పుట్టిన సర్ పిట్టి త్యాగరాయ చెట్టిది. నడుమ ఉన్న పార్కు పానగల్ రాజాది, అంటే 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రధానమంత్రిగా (ఇప్పటి ముఖ్యమంత్రిలాంటి పదవి) ఉన్న పానగంటి రామరాయణింగారుది. డాక్టర్ నాయర్ రోడ్డు టి.ఎం. నాయర్‌ది, నటేశన్ పార్కు నటేశ మొదలియార్‌ది, ఉస్మాన్ రోడ్డు సర్ మహమ్మద్ ఉస్మాన్‌ది. అందరూ జస్టిస్ పార్టీవాళ్లు, లేఅవుట్ వేసినప్పుడు పాలించింది ఆ పార్టీయే. పక్కపక్క పేర్లు ఎవరివో, ఆ ఏడు అధికారంలో ఎవరున్నారో చూస్తే పెట్టిన మనిషి దానంతటదే బయటపడతాడు. మీ కాలనీలో కూడా పటం మీద అన్ని పేర్లూ రాసి, ఒకే కాలంవి ఒకే రంగుతో గుర్తుపెట్టి చూడు. గుంపుకి చెందని పేరు ఒకటి మిగులుతుంది. అది ముందునుంచీ ఉన్నదో, తర్వాత మార్చిందో అయి ఉంటుంది, దాన్ని విడిగా తవ్వాలి.

సహకార గృహనిర్మాణ సంఘాల కాలనీలకి మినిట్స్ పుస్తకమే మూలం. ఏ సభలో, ఎవరు ప్రతిపాదించగా, ఎవరు బలపరచగా పేరు పెట్టారో అందులో ఉంటుంది. పేరున్న మనిషి అప్పటికి చనిపోయి ఉండాలని లేదు. ఏఎస్ రావు నగర్ 1967లో ఈసీఐఎల్‌ని (ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ) స్థాపించిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు పేరు. ఆయన 2003 వరకు జీవించారు. వెంగళరావు నగర్‌దీ ఇదే సంగతి. "స్మారకార్థం" అన్న మాట తొందరపడి వాడకు.

మునిసిపాలిటీ పెట్టిన పేర్లకి కౌన్సిల్ తీర్మానం నకలు సమాచార హక్కు చట్టం కింద అడుగు. రుసుము పది రూపాయలు, మండల స్థాయిలో అయిదు, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. జవాబుకి ముప్పై రోజుల గడువు. "మా వీధి చరిత్ర తెలపండి" అని అడిగితే సమాచారం లేదని తిప్పి పంపుతారు. "ఫలానా వీధికి పేరు పెట్టిన లేదా మార్చిన తీర్మానం ప్రతి, దాని ఫైలులోని నోట్ పేజీలు" అని కాగితం పేరు పెట్టి అడగాలి. గాంధీనగర్, అంబేడ్కర్‌నగర్ లాంటి పేర్లకి ఇదే ముఖ్యం. ఎవరి పేరో పసిపిల్లకైనా తెలుసు. ఎవరు పోరాడి, ఏ ఏడు పెట్టించారన్నదే అక్కడి వాళ్ల చరిత్ర, దాన్ని ఎవరూ రాయలేదు. అలాంటి వీధికి నీ వ్యాసంలో ఎక్కువ చోటివ్వు.

పెద్దవాళ్లని అడిగేటప్పుడు జవాబు నువ్వే అందించకు. "ఇది ఫలానా ఆయన పేరేనా?" అంటే అవునంటారు. "మీరు ఇల్లు కట్టుకున్నప్పుడు దీన్ని ఏమనేవారు? ఉత్తరాల మీద ఏమని రాసేవారు?" అని అడుగు. పోస్టుమాన్‌గా పనిచేసి రిటైరైనవాళ్లు, గుడి కమిటీ, మసీదు కమిటీ పెద్దలు, కిరాణా కొట్టువాళ్లు బాగా చెబుతారు. ఇద్దరు ఒకే మాట చెప్పినా, ఇద్దరూ ఒకే పత్రికలో చదివి చెబుతుంటే అది ఒక్క సాక్ష్యమే.

ప్రతి పేరుకీ ఒక కార్డు పెట్టు: ఇప్పటి పేరు, పాత పేర్లు, మొదటి తేదీ, అది ఉన్న కాగితం, మనిషి పూర్తి పేరు, ఈ స్థలంతో ఆ మనిషి సంబంధం, పేరు పెట్టినవాళ్లు. చివర రూఢి, సంభావ్యం, జనశ్రుతి అని ఏదో ఒకటి రాయి. జనశ్రుతిని పారేయకు, ఆ మాట పెట్టి అచ్చువేయి. దస్తావేజుల్లోని ప్రైవేటు వ్యక్తుల ధరలు, తగాదాలు, చిరునామాలు సంచికలోకి రానివ్వకు. భూమి యజమాని వారసులు ఇంకా ఇక్కడే ఉంటే అచ్చుకి ముందు వాళ్లకి చూపించు. తరచూ ఒక ఫోటోనో, ఇంకా పాత కాగితమో వాళ్ల దగ్గరినుంచే బయటికొస్తుంది.

ఈ వారం సంఘం బీరువాలో లేఅవుట్ ప్లాను, మినిట్స్ పుస్తకాలు ఉన్నాయేమో చూసి, ప్రతి పేజీకీ ఫోటో తీయి. మొదటి మూడు వీధుల కార్డులు నిండగానే పంపు, తేదీలు సరిచూస్తాను. ఫసలీ సంవత్సరాలున్న చోట ఎర్ర సిరాతో గీత పెట్టు.

ఆశీస్సులతో,
మీ మావయ్య