బస్సును తోరణాల దాకా పోనియ్యకు

చి॥ సౌ॥ స్వాతికి,

డిసెంబర్‌లో మీ ఎనిమిదో తరగతి పిల్లలు అరవై మందిని ఖిలా వరంగల్ తీసుకెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడే ఇంత పని మీదేసుకున్నందుకు మురిసిపోయాను. అక్కడి కందకాలు, బావులు తలచుకుంటే మాత్రం గుబులుగా ఉంది.

హెచ్ఎం సంతకం, తల్లిదండ్రుల అంగీకార పత్రాలు, నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు నీకు చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది ఒకటుంది. దాదాపు అందరూ బస్సును తిన్నగా తోరణాల దగ్గరికి పోనిస్తారు. డ్రైవర్‌కు అదే సులువు. పిల్లలు దిగగానే చిన్నప్పటి నుంచీ బొమ్మల్లో చూసిన తోరణం ఎదురవుతుంది, ఫొటోలు దిగుతారు, వాళ్ల లెక్కలో కోట చూడడం అయిపోతుంది. ఆ తర్వాత గోడల గురించి ఎంత చెప్పినా చెవికెక్కదు. కోట బలమంతా గోడల్లో ఉంది బిడ్డా, తోరణాలు లోపలి గుడికి వాకిళ్లు. శత్రువు ఎటు నుంచి వచ్చాడో పిల్లలూ అటు నుంచే, బయటి నుంచి లోపలికి నడిచి రావాలి.

అందుకే బయటి మట్టికోట దగ్గరే దింపు. అది చూడ్డానికి చెరువుకట్టలా ఉంటుంది, చెప్పకపోతే కోటగోడని ఎవరూ అనుకోరు. "రాజుకు రాయి దొరకలేదా, మట్టితో ఎందుకు కట్టాడు?" అని అడుగుతారు. దానికి జవాబు ముందురోజు బడిలోనే చూపించు. ఒక తట్టలో ఇంటి పెంకు, ఇంకో తట్టలో దిమ్మిస కొట్టిన తడిమట్టి పెట్టి, పిల్లల్ని దూరంగా నిలబెట్టి రెండింటి మీదా గుండ్రాయి వదులు. పెంకు పగులుతుంది. మట్టి దెబ్బను మింగేసి ఊరుకుంటుంది. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ సైన్యం ఈ కోటను ముట్టడించినప్పుడు విసిరిన బండలకు ఈ గోడ ఎంత గట్టిగా నిలిచిందో ఆ కాలపు ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో ప్రత్యేకంగా రాశాడు. ఆ మాట తరగతి గదిలో చెప్తే పాఠం, కట్ట కింద నిలబడి చెప్తే పిల్లలు తలెత్తి చూస్తారు.

అక్కడి నుంచి రాతికోటకు అర కిలోమీటరు పైనే నడక. అడుగులు లెక్కపెట్టమను. మట్టిగోడ దాటిన సైనికుడు అంత దూరం ఏ చాటూ లేకుండా పరుగెత్తాలని వాళ్లకే తడుతుంది. రాతికోట ద్వారం తిన్నగా ఉండదు, లోపలికి పోతూ మలుపు తిరుగుతుంది. మలుపు దగ్గర ఆపి, "ఏనుగు ఇక్కడ తిరగాలంటే ఏమవుతుంది? పైనున్నవాళ్లు నిన్ను ఎటు నుంచి కొడతారు?" అని అడుగు. పరుగు ఆటలు మాత్రం ఆ ద్వారంలో వద్దు. కోటలోపల ఊరుంది, ఆటోలూ బండ్లూ అందులోంచే వస్తాయి. రెండు వైపులా ఒక్కో టీచర్ని నిలబెట్టు.

గోడ దగ్గరికి చేర్చి రాయికీ రాయికీ మధ్య పెన్సిల్ మొన పెట్టి చూడమను. సున్నం లేకుండా పేర్చిన నల్లరాయి అది. లోపలి వైపు గోడ పొడవునా మెట్లున్నాయి, సైనికులు ఎక్కడికక్కడ పైకెక్కడానికి. పిల్లలకు అవి చూపించు, ఎక్కనియ్యకు. పైన చేతికి ఆసరా ఉండదు, అవతల కందకం. ఈ ఒక్క మాట వినకపోతే నీతో మాట్లాడను. దిగుడుబావి దగ్గర కూడా అంతే, నువ్వు ముందు వెళ్లి అంచున నిలబడితేగాని ఎవర్నీ పిలవకు.

పదేసి మందికి ఒక టీచర్. ప్రతి పిల్లకూ ఒకటి నుంచి అరవై దాకా నంబరు ఇచ్చి, ప్రతి ద్వారం దగ్గరా వాళ్లచేతే వరసగా చెప్పించు. పేర్లు పిలిస్తే పక్కవాడు పలికేస్తాడు.

తోరణాలు ఆఖరికి. నాలుగు దిక్కులా నాలుగు, మధ్యలో స్వయంభూ దేవాలయం శిథిలాలు. అరగంట బొమ్మ గీయనివ్వు. హంసలు, తామర మొగ్గలు దొరుకుతాయి, "దేవుడి బొమ్మ ఏది?" అని అడుగు. దొరకదు. 1323లో కోట ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ చేతికి పోయి గుడి కూలినా తోరణాలు మిగలడానికి బహుశా అదే కారణం. సుద్దముక్కలతో రాళ్ల మీద ఏమీ రాయనివ్వకు. కోటలోనే ఉన్న పాత సభామందిరం ఖుష్ మహల్ నీడలో అన్నాలు తినిపించు, కానీ అది కాకతీయుల దర్బారని చెప్పకు. ఆ వాలు గోడలు, పెద్ద కమానులు వాళ్ల తర్వాతి కాలానివి.

పొద్దున ఎనిమిదికల్లా మట్టికోట దగ్గరుంటే ఎండ ముదిరేలోపు తోరణాలకు చేరతారు. బస్సు ఎక్కడ ఆపాలో, ఏ బావికి కంచె ఉందో ముందే ఒక ఆదివారం చూసి రావాలి. ఆటో మాట్లాడి పెట్టు, నేనూ వస్తాను. నువ్వు పొద్దున ఏమీ తినకుండా బయల్దేరతావు, ఇడ్లీలు నేనే తెస్తాను.

నీ పెద్దమ్మ