భద్రాచలం దగ్గర ఉన్న మా తాతగారి ఊరు పాత మ్యాపుల్లో ఒకచోట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, ఇంకోచోట మద్రాసులో ఉంది. ఏది తప్పు?

రెండూ కరెక్టేనండి. మీ తాతగారి ఊరిని సెంట్రల్ ప్రావిన్సెస్‌లో (నాగపూర్ కేంద్రంగా ఉన్న బ్రిటిష్ రాష్ట్రం) చూపించే మ్యాపు 1861-74 మధ్య పరిస్థితిని చూపిస్తోంది, మద్రాసులో చూపించేది ఆ తర్వాతిది. మా అమ్మ పుట్టిల్లు కూనవరం వైపు. ఇంటి కాగితాల పని మీద ఆ ప్రాంతం పాత మ్యాపులు చాలానే తిరగేశాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

1860 వరకు అక్కడ గోదావరికి రెండు గట్లూ నిజాంవే. ఆ ఏడాది చివర్లో కుదిరిన ఒప్పందంలో నిజాం ఎడమ గట్టు తాలూకాలు బ్రిటిష్ వాళ్లకి ఇచ్చేశాడు. బదులుగా అంతకుముందు పోయిన రాయచూరు దోఆబ్ (కృష్ణా, తుంగభద్రల మధ్య ప్రాంతం) తిరిగి వచ్చింది, 50 లక్షల రూపాయల బాకీ రద్దయింది. గోదావరిలో సుంకాల్లేకుండా పడవలు తిరగనివ్వాలన్న షరతు కూడా అందులోనే ఉంది. నా ఉద్దేశంలో అసలు కీలకం ఆ షరతే. బేరార్ పత్తిని నది మీదుగా సముద్రం దాకా దించాలని కాటన్ దొర ప్లాను. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ పనిలో భాగంగా కట్టిందే, ఇప్పటికీ వెళ్లి చూడొచ్చు.

అలా వచ్చిన ఊళ్లని అప్పర్ గోదావరి అనే జిల్లాగా చేసి, సిరోంచ కేంద్రంగా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిపారు. 1871లో పడవల దారి పనులు ఆపేశారు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకి వచ్చాయి. సిరోంచ మాత్రం అటే ఉండిపోయి ఇవాళ మహారాష్ట్రలో ఉంది. అక్కడ ఇళ్లలో ఇప్పటికీ తెలుగు మాట్లాడతారు.

బ్రిటిష్ అట్లాసుల్లో సాధారణంగా వాళ్ల ఏలుబడి గులాబీ రంగు, సంస్థానాలు పసుపు. మద్రాసు కాలం మ్యాపు తీసుకుని భద్రాచలం దగ్గర చూడండి: గుడి ఉన్న గట్టు గులాబీ, ఎదురుగా బూర్గంపాడు పసుపు, మధ్యలో సన్నగా గోదావరి. తీర్థానికి బూర్గంపాడు నుంచి పడవెక్కిన వాళ్లు రాజ్యం దాటి వెళ్లినట్టే.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఇది ఆగలేదు. మా తాతయ్య స్కూలు సర్టిఫికెట్‌లో భద్రాచలం తాలూకా, తూర్పు గోదావరి జిల్లా అని ఉంటుంది. అదే ఇంట్లో పుట్టిన అమ్మకి ఖమ్మం జిల్లా, ఎందుకంటే 1959లో ఆ తాలూకాని ఖమ్మంలో కలిపారు. 2014లో పోలవరం ముంపు కింద కూనవరంతో సహా ఏడు మండలాలు తెలంగాణ నుంచి ఆంధ్రకి వెళ్లాయి. 2022లో అక్కడున్న మావయ్య పిల్లలు అల్లూరి సీతారామరాజు జిల్లా వాళ్లయ్యారు. ఎవరూ ఇల్లు కదల్లేదు. స్థానికత సర్టిఫికెట్ కావాల్సి వచ్చినప్పుడు మాత్రం ఒక ఆఫీసువాళ్లు మీది ఆ రాష్ట్రం అంటే, ఇంకో ఆఫీసువాళ్లు మీది ఈ రాష్ట్రం అన్నారు. ఆ టెన్షన్ పడినవాళ్లకే తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 2014 తర్వాత చాలామంది ‘ఏడు మండలాలూ మొదటి నుంచీ ఆంధ్రవే’ అని మ్యాపులు పెడుతుంటారు. ఎడమ గట్టున కూనవరం, చింతూరు, వర రామచంద్రాపురం, భద్రాచలం గ్రామీణం వరకు 1874 నుంచి 1959 దాకా అది నిజమే. కుడి గట్టున కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడు ఏనాడూ మద్రాసులో లేవు, అవి హైదరాబాద్ సంస్థానంలోవే. ఏడింటినీ ఒకే గాటన కట్టడం మ్యాపు చూడకుండా మాట్లాడటమే. అలాగే భద్రాచలం పట్టణాన్ని తెలంగాణలో ఉంచి, దాన్ని ఆనుకునే ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం లాంటి ఊళ్లని అటు వేయడం 1860 నాటి గీత కన్నా అన్యాయంగా అనిపిస్తుంది నాకు. పొద్దున లేస్తే వాళ్ల బజారు, ఆసుపత్రి అన్నీ భద్రాచలమే.

మీ పనికి వస్తే, మ్యాపు మీద రెండు సంవత్సరాలు వెతకండి: సర్వే చేసినది, అచ్చు వేసినది. వాటి మధ్య ఏళ్ల తేడా ఉండొచ్చు. కొండలు, వాగులు సర్వే నాటివి, సరిహద్దు గీత మాత్రం అచ్చు నాటికి దిద్ది ఉండొచ్చు, దిద్దకపోనూ వచ్చు. అమెరికా సైన్యం 1950ల్లో వేసిన యూ502 షీట్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, కానీ అవి చాలావరకు పాత సర్వే ఆఫ్ ఇండియా షీట్లు చూసి తయారుచేసినవి. వాటిని ఊరు ఎక్కడుందో చూసుకోవడానికి వాడండి, ఏ జిల్లాలో ఉందో తేల్చడానికి వద్దు. సర్వే ఆఫ్ ఇండియా పాత నంబర్లలో అయితే భద్రాచలం 65 సి షీటులో వస్తుంది.

మీ తాతగారి పాత కాగితం ఏదైనా ఉంటే దాని మీద ఏ సంవత్సరం ఉందో, ఊరు నదికి ఏ గట్టున ఉందో కింద రాయండి. ఏ జిల్లా పేరుతో రికార్డులు అడగాలో చెప్తాను.