డిగ్రీ చదువుతూ వేసవిలో రీసెర్చ్ ల్యాబ్‌లో పనిచేయొచ్చా?

మీరు ఆదిలాబాద్ వైపు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) రెండో సంవత్సరం అన్నారు. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది మీరే మొదలు. వెనకబడిన వర్గాల విద్యార్థులకు అమెరికాలో వేసవి రీసెర్చ్ ట్రైనింగ్ ఇస్తారని చూసి, దానికి అప్లై చేయొచ్చా, మన దగ్గర అలాంటిది ఉందా అని అడిగారు.

ముందు అమెరికా సంగతి. అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో డిగ్రీ విద్యార్థుల కోసం నడిచే ఆర్‌ఈయూ అనే రీసెర్చ్ ప్రోగ్రామ్ లాంటివి అక్కడి పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. అటు టైమ్ పెట్టకండి.

మీరు చూడాల్సింది మన సైన్స్ అకాడమీల సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇన్సా (ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ), ప్రయాగ్‌రాజ్‌లోని నాసి (నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఇండియా) కలిసి నడుపుతాయి. ఎంపికైతే రెండు నెలలు ఒక సైంటిస్టు దగ్గర పని. స్టైపెండ్ ఇస్తారు, రానూపోనూ రైలు ఛార్జీ ఇస్తారు. నేను హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీలో అడుగుపెట్టింది ఈ దారిలోనే.

ఎంపికకు మీ మార్కులు, ఒక చిన్న రైటప్, మీ లెక్చరర్ రాసే సిఫార్సు లేఖ, మూడూ చూస్తారు. నా ఉద్దేశంలో ఇది మనలాంటివాళ్లకు పూర్తిగా న్యాయమైన పద్ధతి కాదు. పెద్ద కాలేజీల్లో సీనియర్లు ఏం రాయాలో, ఎవరిని అడగాలో ముందే చెప్పేస్తారు. మనకు తెలివి తక్కువై కాదు, చెప్పేవాళ్లు లేక ఆగిపోతున్నాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

రైటప్‌లో "చిన్నప్పటి నుంచి క్యాన్సర్ మీద పరిశోధన చేయాలని నా కల" అని రాయకండి. అలాంటివి వాళ్ల దగ్గరికి కుప్పలుగా వస్తాయి. మీ కళ్లతో చూసినదాన్నుంచి ఒక ప్రశ్న తీయండి. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కిడ్నీలు పాడై డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. షుగర్ లేదు, పెద్ద వయసూ కాదు, జీడితోటల్లో కూలికి వెళ్లే మనిషికి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా పనిచేయకపోతే పేరుకునే వ్యర్థం) ఎందుకు పెరుగుతోంది? కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నేను అదే రాశాను. నీళ్లా, ఎండలో పనా, పురుగుమందులా, జన్యువులా అన్నది తేల్చాలంటే ఏయే శాంపిళ్లు ఎవరెవరి నుంచి తీసుకుని పోల్చాలో నాకు తెలిసినంత రాశాను. ఇంగ్లిష్ చాలా సాదాగా ఉంది, అయినా పనికొచ్చింది. మీ ఏజెన్సీ గ్రామాల్లో రక్తహీనత, సికిల్ సెల్, మలేరియా, ఏదైనా సరే, మీరు ఎరిగినదే రాయండి.

నాకు ఇచ్చిన ప్రాజెక్టు కిడ్నీల మీద కాదు, బ్యాక్టీరియా మీద. దానికి బాధపడనక్కర్లేదు. రెండు నెలల్లో ఎవరూ కొత్త విషయం కనిపెట్టరు, పని పద్ధతి పట్టుబడితే చాలు. మా కాలేజీలో మైక్రోపిపెట్ (అతి కొద్ది ద్రవాన్ని కొలిచి తీసే పరికరం) బొమ్మ రికార్డులో వేశాను తప్ప చేత్తో పట్టుకోలేదు. అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న ఒక అక్క పాత జెల్ ముక్క, నీళ్లలో కలిపిన నీలం డై ఇచ్చి, జెల్‌లో ఉండే చిన్న గుంటలు, అంటే వెల్స్, నింపడం ప్రాక్టీస్ చేయమంది. పిపెట్ బటన్ రెండు చోట్ల ఆగుతుంది. మొదటిదాకా నొక్కి ద్రవం తీసుకోవాలి, వదిలేటప్పుడు రెండోదాకా నొక్కాలి. పిపెట్ చివర తొడిగే టిప్ ఇంకా వెల్‌లో ఉండగానే బొటనవేలు వదిలితే డై మళ్లీ టిప్‌లోకి వచ్చేస్తుంది. టిప్ పైకి తీశాకే వదలాలి. పుస్తకంలో ఈ ముక్క ఉండదు, పక్కన నిలబడి ఎవరో చూపించాలి. వేసవి ట్రైనింగ్ అసలు విలువ అదే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంగ్లిష్ గురించి టెన్షన్ పడ్డారు కదా. ల్యాబ్ మీటింగ్‌లో మొదట్లో నాకు సగమే అర్థమయ్యేది. తెలియని మాట నోట్‌బుక్ చివర రాసుకుని, మీటింగ్ అవగానే ఆ అక్కని అడిగేసేదాన్ని. అడిగేవాళ్లని అక్కడ తక్కువగా చూడరు. అడగకుండా ఖరీదైన ఎంజైమ్ పాడుచేస్తేనే ఇబ్బంది.

డబ్బు సంగతి ఇంట్లో ముందే మాట్లాడండి. స్టైపెండ్ చేతికొచ్చేలోపు మెస్ బిల్లు, బస్సు ఛార్జీలు మనమే పెట్టుకోవాలి. హాస్టల్ అన్ని చోట్లా దొరకదు. ఎంపిక లెటర్ రాగానే గైడ్‌కి మెయిల్ పెట్టి వసతి గురించి అడగండి. ఇది మొహమాటపడే విషయం కాదు.

ఇంకొకటి. ఇంటర్‌లో మీ మార్కులు బోర్డు టాప్ 1 శాతంలో ఉండి, కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ వస్తుంటే, ఏడాదికి ఇచ్చే 80,000 రూపాయల్లో 20,000 వేసవి ప్రాజెక్టు కోసమే. స్కాలర్‌షిప్ తీసుకుంటూ కూడా ఈ సంగతి తెలియనివాళ్లను చూశాను.

ఫెలోషిప్ నోటిఫికేషన్ వేసవికి చాలా ముందే, చలికాలం మొదలవుతుండగా వస్తుంది. మార్చిలో గుర్తొస్తే ఆ ఏడాది పోయినట్టే. అన్నిటికంటే ఆలస్యమయ్యేది సిఫార్సు లేఖ. మీ బోటనీ మేడమ్‌నో, జువాలజీ సార్‌నో ఇప్పుడే కలవండి. "లెటర్ ఇవ్వండి" అని ఊరికే అడగకుండా, మీరు చేసిన ప్రాక్టికల్స్, సెమినార్, మీ ప్రశ్న ఒక కాగితం మీద రాసి చేతికివ్వండి. వంద మంది ఉన్న క్లాసులో మీ గురించి నాలుగు నిజమైన వాక్యాలు రాయడానికి వాళ్లకు అదే ఆధారం.