పంటిని బట్టి ఆడో మగో చెప్పగలరా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. వశిష్ఠ పాయలోనో పంట కాలువలోనో గుర్తు తెలియని మృతదేహం కొట్టుకొచ్చిందని పేపర్లో చదువుతుంటాం. శరీరం పూర్తిగా పాడైపోయినా పళ్ళను, పెదవుల ముద్రలను బట్టి అది స్త్రీదో పురుషుడిదో తేల్చవచ్చంటారు. నిజమేనా డాక్టరు గారూ?
– ఒక పాఠకురాలు

జవాబు: పళ్ళ విషయంలో చాలావరకు నిజమేనమ్మా. పెదవుల ముద్రల మీద మాత్రం అంత ఆశ పెట్టుకోకండి. పెదవుల మీది గీతలను 1970లో జపాన్ పరిశోధకులు సుజుకి, సుచిహాషి నిలువు గీతలు, కొమ్మలుగా చీలినవి, ఒకదాన్నొకటి ఖండించుకునేవి, వలలా అల్లుకున్నవి అంటూ వర్గీకరించారు. ఏ రకం ఆడవారిలో ఎక్కువ, ఏది మగవారిలో ఎక్కువ అన్న విషయంలో ఆ తరువాతి అధ్యయనాలకు ఒకదానితో ఒకటి పొంతన కుదరలేదు. పైగా మరణించాక ముద్రను 24 గంటల్లోపే తీసుకోవాలంటారు. రోజుల తరబడి నీటిలో నాని, చేపలూ పీతలూ కొరికిన పెదవులకు ఇక ముద్రెక్కడిది?

పన్ను అలా కాదు. నోటిలో ఆడ మగ తేడా అన్నిటికన్నా బాగా కనిపించేది కోర పంటిలో, అందులోనూ కింది దవడ కోర పంటిలో. దాని వెడల్పును కాలిపర్స్‌తో కొలిచి, రెండు కోర పళ్ళ మధ్య దూరంతో భాగించి ఒక సూచిక కడతారు. సగటున మగవారి పన్ను పెద్దదే కానీ ఆ తేడా మిల్లీమీటరులో కొంత భాగమే కనుక, ఒక్క కొలతతో తీర్పు చెప్పడం సాహసం. అస్థిపంజరం మొత్తం దొరికితే నిపుణులు ముందు చూసేది పళ్ళను కాదు, కటి ఎముకలను.

గట్టి ఆధారం పంటి లోపల ఉంటుంది. పింగాణి పొర కాపాడిన గుజ్జు నుంచి డీఎన్‌ఏ తీసి, ఎక్స్, వై క్రోమోజోములు రెండింటి మీదా ఉండే అమెలోజెనిన్ అనే జన్యువును పరీక్షిస్తారు. సాధారణంగా వాడే పద్ధతిలో ఎక్స్ క్రోమోజోము నుంచి 106, వై నుంచి 112 బేస్ జతల (డీఎన్‌ఏ పొడవును లెక్కించే కొలత) ముక్కలు వస్తాయి. రెండూ కనిపిస్తే మగ, ఒక్క 106 మాత్రమే ఉంటే ఆడ. ఎముకలలో ఆడ మగ తేడాలు ఇంకా తేలని చిన్నపిల్లల విషయంలో ఈ పరీక్ష చాలా అక్కరకొస్తుంది. అయితే కొందరు పురుషులలో, మన భారతీయులలో సైతం, వై మీది ఆ భాగమే లోపించి ఫలితం స్త్రీ అని వస్తుంది. అందుకే ఎస్‌ఆర్‌వై వంటి వేరే వై జన్యువునూ పరీక్షించాకే నివేదిక ఇవ్వడం మంచి పద్ధతి.