హ్యూస్టన్ పెద్దాసుపత్రిలో చీటీ ఉచితమా?

ప్రశ్న: మా అమ్మాయీ అల్లుడూ అమెరికాలోని హ్యూస్టన్‌లో ఉంటున్నారు. వచ్చే వేసవిలో మేమిద్దరం వెళ్లి ఆరు నెలలు ఉండి రావాలనుకుంటున్నాం. నాకు బీపీ, మా ఆవిడకు షుగరు ఉన్నాయి. అక్కడ బెన్ టాబ్ అనే ప్రభుత్వాసుపత్రిలో పేదలకు ఉచితంగా చూస్తారని విన్నాం. అది మన కాకినాడ పెద్దాసుపత్రి లాంటిదేనా? అవసరమైతే మేమూ వెళ్లవచ్చా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం

జవాబు: పోలిక చాలావరకు సరైనదేనండి, డబ్బు సంగతి తప్ప. బెన్ టాబ్, లిండన్ బి. జాన్సన్ ఆసుపత్రులూ వాటికి తోడుగా ఉన్న క్లినిక్కులూ హ్యారిస్ హెల్త్ అనే లాభాపేక్ష లేని సంస్థ కింద నడుస్తాయి. 1965లో ఓటర్ల ఆమోదంతో ఏర్పడిన ఈ సంస్థ టెక్సాస్ రాష్ట్రానిది కాదు, హ్యారిస్ కౌంటీది. మన జిల్లా వంటి ఆ కౌంటీలో 2020 లెక్కల ప్రకారం 47 లక్షల పైచిలుకు జనం ఉన్నారు.

బెన్ టాబ్‌లో బేలర్ వైద్య కళాశాల వారు, జాన్సన్ ఆసుపత్రిలో టెక్సాస్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల వారు రోగులను చూస్తారు. ముందుగా పీజీ వచ్చి కేస్ షీటు రాసుకోవడం, ఆ తరువాత రౌండ్సుకు వచ్చిన ప్రొఫెసరు అదే మంచం పక్కన నిలబడి ఆ పీజీని ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేయడం కాకినాడలో మీరు చూసే ఉంటారు; అక్కడి తీరూ ఇంచుమించు అదే. బేలర్ ప్రైవేటు కళాశాల కావడం వింతగా తోచవచ్చు గాని, మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాల కూడా 1958లో ప్రైవేటు యాజమాన్యంలో మొదలై తరువాత ప్రభుత్వపరమైనదే.

ఇక డబ్బు. కౌంటీలో ఇల్లున్నవారు కట్టే ఆస్తి పన్నులో ఈ ఆసుపత్రుల కోసం విడిగా ఒక పద్దు ఉంటుంది. మీ అల్లుడుగారిది సొంత ఇల్లయితే బిల్లు చూపించమనండి. 2023 నవంబరులో జాన్సన్ ఆసుపత్రికి కొత్త భవనం, ఇతర పనుల కోసం 250 కోట్ల డాలర్ల బాండ్లకు అనుమతి ఇచ్చినది కూడా ఓటర్లే. కొత్త బ్లాకు కోసం జీవో ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే మనకు ఈ పద్ధతి కొంచెం అసూయ కలిగించేదే.

అయితే సొమ్ము కౌంటీవారిది కనుక రాయితీ కూడా కౌంటీవారికే. కాకినాడ ఓపీ కౌంటరులో మీది ముమ్మిడివరమా, తునియా అని అడిగేది చీటీ మీద రాసుకోవడానికే. అక్కడ మాత్రం కౌంటీలో కాపురం ఉంటున్నట్టు రుజువు, కుటుంబ ఆదాయపు కాగితాలు చూపి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆదాయాన్ని బట్టి రాయితీ తేలుతుంది. వలస పత్రాలు లేని కూలీలు సైతం ఈ విధంగా వైద్యం పొందుతున్నారు గాని, చుట్టపుచూపుగా వెళ్లే మీరు దానిని నమ్ముకుని విమానం ఎక్కకూడదు.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు భయపడనక్కర లేదు. 1986 నాటి కేంద్ర చట్టం ప్రకారం, మెడికేర్ (ప్రధానంగా వృద్ధుల కోసం అక్కడి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) సొమ్ము తీసుకునే ఆసుపత్రి ఏదైనా సరే, ఎమర్జెన్సీ విభాగానికి వచ్చిన రోగిని డబ్బు సంగతి ఎత్తకుండా పరీక్షించి, అపాయస్థితి నుంచి గట్టెక్కించవలసిందే. బిల్లు మాత్రం తరువాత ఇంటికి వస్తుంది, అది మాఫీ కాదు. కనుక సందర్శకుల బీమా తీసుకోండి. పాత జబ్బులకు అది ఎంతవరకు వర్తిస్తుందో సంతకానికి ముందే చదవండి. బీపీ, షుగరు ఉన్నవారికి చిక్కంతా ఆ షరతులోనే వస్తుంది. మీరు వాడే మాత్రలు, డాక్టరు ఇంగ్లీషులో రాసిచ్చిన ప్రిస్క్రిప్షనుతో సహా, చేతిసంచీలోనే పెట్టుకోండి.