జపాన్‌లో ఎనిమిది వారాలు: అప్పు చేసి పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం పూర్తిచేస్తోంది. జపాన్ కార్టూన్ చిత్రాలైన యానిమే చూస్తూ జపనీస్ భాష మీద ఇష్టం పెంచుకుంది. ఈ వేసవిలో జపాన్ వెళ్లి ఎనిమిది వారాల భాషా సంస్కృతుల కోర్సు చేస్తానంటోంది. అన్నీ కలిపి ఐదు లక్షలు అవుతుందట. రెండు నెలల్లో జపనీస్ భాషా పరీక్షలో ఎన్3 అనే మధ్య స్థాయి వస్తుందనీ, అక్కడ పార్ట్‌టైం పని చేసి కొంత ఖర్చు రాబట్టుకోవచ్చనీ ఒక కన్సల్టెంట్ చెప్పారు. మేము శాకాహారులం. అప్పు చేసి పంపమంటారా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఈ ఏడాది వద్దండీ. వచ్చే ఏడాది తప్పకుండా పంపండి.

ముందు కన్సల్టెంట్ మాటల సంగతి చూద్దాం. ఇంత చిన్న కోర్సుకు సాధారణంగా తీసుకునేది తొంభై రోజుల లోపు స్వల్పకాలిక వీసా. దాని మీద జీతానికి పని చేయకూడదు. వారానికి 28 గంటల పని అనేది విద్యార్థి వీసా మీద ఎక్కువ కాలం చదివేవారికి, అదీ విడిగా అనుమతి తీసుకున్నాక. ఎన్3 మాట కూడా నమ్మకండి. అక్షరాలు రాకుండా వెళ్లినవారు రెండు నెలల్లో అన్నిటికన్నా కింది మెట్టయిన ఎన్5 అందుకుంటే బాగా చదివినట్టే. ఇలాంటి ఆశలు చూపినవారికి డబ్బు కట్టకండి.

ఆ ఐదు లక్షలకు అక్కడ దొరికేది ఏమిటో మీరు ఆలోచించాలి. ఈ స్థాయిలను నిర్ణయించే జేఎల్‌పీటీ పరీక్షలో పదాలు, వ్యాకరణం, చదవడం, వినడం మాత్రమే ఉంటాయి. మాట్లాడటం లేదు. అంటే సర్టిఫికెట్ ఇంట్లో కూర్చుని కష్టపడినా వస్తుంది. నోరు తిరగడం మాత్రం ఇక్కడ దొరకదు. ఉత్తరాన హకొదాతెలో హొక్కాయిదో ఇంటర్నేషనల్ ఫౌండేషన్ నిర్వహించే వేసవి కోర్సులో విద్యార్థులు స్థానిక కుటుంబాల ఇళ్లలో ఉంటారు. పొద్దున తరగతిలో నేర్చుకున్న వాక్యం రాత్రి భోజనాల దగ్గర వాడి చూసుకోవచ్చు. కానీ ఆ బల్ల దగ్గర మాట కలపాలంటే ముందుగా కొంత భాష చేతిలో ఉండాలి. లేకపోతే మొదటి నెలంతా అక్షరాలకే పోతుంది. ఆ పని గుంటూరులో ఉచితంగా అవుతుంది.

ఈ సన్నాహంలో మీ అమ్మాయికి తెలుగే పెద్ద అండ. జపనీస్ వాక్యంలోనూ క్రియ చివరే వస్తుంది. మన ‘లో’, ‘కి’, ‘తో’ లాగే విభక్తులు మాట వెనక చేరతాయి. మనం ‘చేసి చూడు’ అంటాం కదా, వాళ్లూ అచ్చంగా అలాగే ‘షితె మిరు’ అంటారు. ‘మిరు’ అంటే చూడటమే. దీర్ఘమో ద్విత్వమో మారితే అక్కడా అర్థం మారిపోతుంది: ‘ఒబసన్’ అంటే అత్త, ‘ఒబాసన్’ అంటే అమ్మమ్మ. ‘కితె’ అంటే వచ్చి, ‘కిత్తె’ అంటే తపాలా బిళ్ల. దీర్ఘాలు, ద్విత్వాలు మన చెవికి పుట్టుకతో తెలిసినవి. ఇంగ్లిష్ మాతృభాషగా గలవారు వీటి దగ్గరే తడబడతారు. మీ అమ్మాయికి ఇంగ్లిష్ మీదుగా కాకుండా తెలుగులోంచి ఆలోచిస్తూ నేర్చుకోమని చెప్పండి.

ఒక జాగ్రత్త. యానిమేలో వినిపించే ‘ఒరె’ (నేను), ‘ఒమాఎ’ (నువ్వు) వంటి మాటలు మోటు మాటలు. తనకు ఆతిథ్యమిచ్చిన పెద్దావిడతో అలా మాట్లాడితే, మనింట్లో అమ్మమ్మను ‘ఒసేయ్’ అన్నట్టుంటుంది. మర్యాద రూపాలే ముందు అలవాటు కావాలి.

ఇక ఏడాది లెక్క. ఈ వేసవిలో జపనీస్ లిపులైన హిరగాన, కతకాన నేర్చుకోవాలి. ఒక్కొక్కదానిలో 46 మూలాక్షరాలు, రోజుకు గంట చొప్పున నెల చాలు. ఆ తరవాత జపాన్ ఫౌండేషన్ వారి ‘మినాతో’ వేదికలో ఆన్‌లైన్ కోర్సులు ఉన్నాయి. డిసెంబరు మొదటి ఆదివారం జరిగే జేఎల్‌పీటీలో ఎన్5 రాయించండి. ఆ ఫలితం వచ్చాక కూడా తన ఇష్టం నిలిచి ఉంటే, అప్పుడు పంపడంలో అర్థముంది. మూడో సంవత్సరం తరవాతి వేసవికి మాత్రం వాయిదా వేయకండి. అప్పుడు క్యాంపస్ ఎంపికల హడావుడి మొదలవుతుంది. రెండో సంవత్సరం చివరే సరైన సమయం.

అక్కడ వేసవి కోర్సులు ఎక్కువగా జూన్ నుంచి ఆగస్టు మధ్యలో ఉంటాయి. అప్పటికి మన కళాశాలలు మళ్లీ తెరుస్తారు. 75 శాతం హాజరు నిబంధన ఉంటుంది కాబట్టి ప్రిన్సిపాల్ దగ్గర ముందే రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఆ వెళ్లినప్పుడే, జపాన్‌లో ఏదైనా విశ్వవిద్యాలయంతో కళాశాలకు ఒప్పందం ఉందేమో అడగండి. అలాంటి మార్పిడి కార్యక్రమాల్లో వెళ్లేవారిలో ఎంపికైనవారికి జస్సో అనే జపాన్ విద్యార్థి సేవల సంస్థ నెలకు 80,000 యెన్ల ఉపకార వేతనం ఇస్తుంది. ఎవరికి ఇవ్వాలో అక్కడి విశ్వవిద్యాలయమే సూచిస్తుంది. జపాన్ ప్రభుత్వం ఏటా ఇచ్చే ‘జపనీస్ స్టడీస్’ ఉపకార వేతనం భాషా సంస్కృతులే ప్రధానాంశంగా చదివేవారికి కాబట్టి, మీ అమ్మాయి దాని మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. సాయం ఏదీ దొరకకపోతే, ఏడాది పాటు నెలనెలా పక్కన పెట్టిన డబ్బుతో వెళ్లగలిగే నాలుగైదు వారాల కోర్సు చూడండి. దీనికి అప్పు మాత్రం చేయకండి. జపాన్ సంస్థల్లో భాష అవసరమైన ఉద్యోగాలకు ఎక్కువగా ఎన్2 అడుగుతారు. అది ఇంకా కొన్నేళ్ల చదువు.

భోజనం గురించి మీ భయం సహేతుకమే. కూరగాయల పులుసులా కనిపించే మిసో సూప్‌లోనూ సాధారణంగా ఎండుచేపతో కాచిన ‘దాషి’ ఉంటుంది. ‘శాకాహారి’ అని ఒక్క మాట రాస్తే అక్కడివారికి ఇది తట్టకపోవచ్చు. దరఖాస్తులో మాంసం, చేప, గుడ్డు, చేపతో చేసిన దాషి తినదని విడివిడిగా రాయించండి. పాలు, పెరుగు తింటుందని కూడా రాయండి.