పాలకొండల కింద కాలనీ: ఎండాకాలం మంట ఇళ్ల దాకా రాకుండా ఏం చేయాలి?

కడపలో పాలకొండల వైపు ఉంటున్నామని, కొండ అంటుకుంటే మంట కాలనీలోకి వస్తుందేమోనని, ముందుగా ఏం చేసుకోవాలని అడిగారు. పని ఇంటి దగ్గర మొదలుపెట్టండి, కొండ సంగతి తర్వాత. మంట ఇంకా దూరంగా ఉండగానే నిప్పురవ్వలు గాలికి ఎగిరొస్తాయి. ఇళ్లు ఎక్కువగా అంటుకునేది వాటివల్లే.

వేపచెట్టు ఆకు రాల్చేది సరిగ్గా కొండ అంటుకునే కాలంలోనే. ఆ ఆకు మిద్దె మీద నీళ్ల ట్యాంకు వెనక, వాననీటి గొట్టం నోటి దగ్గర పోగవుతుంది. రవ్వ అందులో పడితే వెంటనే మంట కనపడదు. లోలోపలే రాజుకుని, అందరూ పడుకున్నాక గాలి తగిలి లేస్తుంది. ఫిబ్రవరి నుంచి వారానికి రెండుసార్లు మిద్దె ఊడ్చండి. గోడ చుట్టూ ఐదడుగుల మేర కట్టెలు, అట్టపెట్టెలు, గోనెసంచులు, ఎండిన తీగలు ఏవీ ఉండకూడదు. శెనక్కాయ కట్టె వామి గానీ, బోదగడ్డి కొట్టం గానీ ఉంటే ఇంటికి వంద అడుగుల దూరానికి మార్చండి.

సంక్రాంతి దాటితే గడ్డి ఎండిపోతుంది, శివరాత్రిలోపు కాలనీ సరిహద్దు పని అయిపోవాలి. కొండవైపు 15 అడుగుల వెడల్పున గడ్డి, కంప తీసేసి మట్టి కనపడేలా చెక్కించండి, మంటను ఆపే గీత ఇదే. కోసిన గడ్డిని పక్కనే కుప్పేసి వదిలేస్తారు చూడండి, పడిన కష్టమంతా అక్కడే వృథా అవుతుంది. అదే రోజు ట్రాక్టర్‌కెత్తి పంపేయాలి. కంపచెట్టును నరికితే మళ్లీ చిగురిస్తుంది, వేరుతో పెకలించాలి. వాలు బాగా ఉన్నచోట అడుగు లోతు కాలువ తవ్వి, మట్టిని కింది వైపు గట్టుగా పోయండి. కాలుతున్న మొద్దులు దొర్లుకుంటూ వచ్చి అందులో ఆగిపోతాయి. గట్టు లేకపోతే గీత దాటి కిందికొచ్చేస్తాయి.

గడ్డిని కాల్చి శుభ్రం చేద్దామని మాత్రం అనుకోవద్దు. వాలు మీద పైకి పోయే మంట, ఏటవాలు 10 డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపు వేగం అందుకుంటుంది, మనిషి పరిగెత్తి ఆపలేడు. రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం నేరం కూడా. కాలనీ హద్దు దాటి అడవి వైపు గీత కావాలంటే అటవీ రేంజ్ ఆఫీసులో అర్జీ ఇవ్వండి.

సామాను పెద్దగా అక్కర్లేదు. మందు కొట్టే 16 లీటర్ల ట్యాంకులు నాలుగు (మందు వాసన పోయేదాకా కడిగినవి), 200 లీటర్ల డ్రమ్ములు, పారలు, పచ్చి కానుగ మండలు చాలు. మోటారును నమ్ముకోవద్దు, మంట వైర్ల దగ్గరికొస్తే కరెంటు తీసేస్తారు. మండతో కొట్టేటప్పుడు మంట మీద అదిమి పట్టాలి, ఎత్తి బాదితే రవ్వలు చెదురుతాయి. కాలిపోయిన నేల వైపు నుంచి, పక్క నుంచి చేరండి, ఎదురు పోవద్దు. నైలాన్ బట్టలు వద్దు, కరిగి ఒంటికి అంటుకుంటాయి. మంట నాలుగడుగులు దాటితే వదిలేసి వెనక్కి రండి. 101కి ఫోన్ మొదట్లోనే చేయాలి, ఫైరింజన్ వచ్చే దారిలో 12 అడుగులు ఖాళీగా ఉంచాలి.

ఆరిపోయాక మొద్దులను పారతో తిరగేసి, నీళ్లు పోసి, మట్టి కప్పండి. మరుసటి మధ్యాహ్నం గాలి లేచే వేళకు ఇద్దరు మళ్లీ వెళ్లి చూడాలి.